మైల పట్టని కొత్త బండి

రెట్రో బండి ఏది బజారులోకి వచ్చినా అభిమానులు రెండు జట్లుగా చీలిపోతారు. ఒక జట్టు ట్యాంకు ఒంపు, గుండ్రటి హెడ్‌లైటు, మెరిసే క్రోము చూసి ‘అచ్చం అదే’ అని మురిసిపోతుంది. రెండో జట్టు ఇంజను స్టార్టు చేయించి, కాసేపు చెవి ఒగ్గి విని, ‘ఇది అది కాదు’ అని పెదవి విరుస్తుంది. అమెరికాలో 1970 నాటి డాడ్జ్ చాలెంజర్ కారు 2008లో పాత ఒంపులతోనే తిరిగొచ్చినప్పుడు ఇదే తంతు. 2002లో ఆగిపోయిన షెవర్లే కమారో 2010 మోడల్‌గా మళ్లీ లేచినప్పుడూ ఇదే. ఫోర్డ్ మస్టాంగ్ 2016లో 65 లక్షల రూపాయల ధరతో మన దేశానికి వచ్చినప్పుడైతే మూడో జట్టు కూడా పుట్టుకొచ్చింది: ఇదంతా డబ్బు ముదిరినవాళ్ల గోల అని కొట్టిపారేసేవాళ్లు. పలాస కాశీబుగ్గ బజారులోనో టెక్కలి జంక్షన్‌లోనో మస్టాంగ్ చుట్టూ జనం మూగే సందర్భం రాదు. ఇక్కడ ఆ తగువు బుల్లెట్ చుట్టూ, జావా చుట్టూ నడుస్తుంది. సొమ్ములో తేడా ఉంది గానీ ప్రశ్న ఒక్కటే. పోయినదాని రూపంతో కొత్తది వస్తే, వచ్చింది అదేనా? మన దార్శనికులు శతాబ్దాల పాటు వాదించుకున్న ప్రశ్న ఇది. పెదవి విరిచే జట్టు చెప్పే కారణాలు చాలావరకు తప్పే. కానీ వాళ్లు నోరు తెరిచి చెప్పని కారణం ఒకటుంది, అది సరైనదని నా వాదన.

ముందు బండ్ల సంగతి. ఇంగ్లండులో పుట్టిన బుల్లెట్‌ను 1955 నుంచి మద్రాసు పక్కన తిరువొత్తియూరులో తయారుచేయడం మొదలుపెట్టారు. మొదటి పెద్ద గిరాకీ సైన్యానిది. ఇంగ్లండులో రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ మూతపడ్డా ఇక్కడ బండి ఆగలేదు. 1994లో ఐషర్ కంపెనీ చేతికి వచ్చాక కూడా చాలాకాలం కాస్ట్ ఐరన్ ఇంజను, కుడికాలి కింద గేరు, ఎడమకాలి కింద బ్రేకు అలాగే సాగాయి. ఆ తర్వాత గేరు ఎడమకు వచ్చింది. 2010 ప్రాంతంలో పాత ఇంజను పోయి కొత్తది వచ్చింది. 2020లో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. 2021లో అదే కంపెనీ బండి క్లాసిక్‌కూ, 2023లో బుల్లెట్‌కూ అదురు తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్టు ఉన్న ఇంకో ఇంజను వచ్చింది. అంటే ముక్క తరవాత ముక్క మారి, చివరికి పేరూ వాలకమూ మిగిలాయి. జావా కథ దీనికి తలకిందులు. చెకోస్లొవాకియా బండిని మైసూరులో ఐడియల్ జావా కంపెనీ తయారుచేసింది. 1973లో దానికి యెజ్దీ అని పేరు మార్చింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. ఇరవై రెండేళ్ల తర్వాత, 2018 నవంబరు 15న, మహీంద్రా అండతో క్లాసిక్ లెజెండ్స్ కంపెనీ జావాను మళ్లీ లేపింది. పాతది రెండు స్ట్రోకుల 250 సీసీ, కొత్తది నాలుగు స్ట్రోకుల 293 సీసీ, నీటితో చల్లబడేది. ఒకే సిలిండరుకు రెండు సైలెన్సర్లు ఉండటం పాత జావా గుర్తు. కొత్తదానికీ పట్టుబట్టి రెండు సైలెన్సర్లు పెట్టారు. యెజ్దీ అనే పేరు ఎవరి సొత్తు అన్న తగాదా కర్ణాటక హైకోర్టు దాకా వెళ్లింది. ఒక పేరు, దాని వెనక ఫ్యాక్టరీ లేకుండా ఇన్నేళ్లు నిద్రపోయి, లేచాక ఆస్తిగా కోర్టులో నిలబడటం చూస్తే నైయాయికులకు, అంటే న్యాయదర్శనం వాళ్లకు, మంచి పని దొరికేదనిపిస్తుంది.

వాళ్ల దగ్గరికే వెళదాం. ఒకప్పుడు చూసినదాన్ని మళ్లీ చూసి ‘ఇది అదే’ అని గుర్తుపట్టడాన్ని ప్రత్యభిజ్ఞ అంటారు. వస్తువు కాలంలో నిలిచి ఉంటుందనడానికి ప్రత్యభిజ్ఞే సాక్ష్యమని నైయాయికులు అన్నారు. మధ్యలో అది లేకపోతే గుర్తుపట్టడం ఎలా కుదురుతుంది? బౌద్ధులు ఒప్పుకోలేదు. కత్తిరించాక మళ్లీ పెరిగిన గోళ్లను, జుట్టును చూసి కూడా ‘అవే’ అంటాం. దీపం జ్వాల క్షణక్షణం కొత్తదైనా ‘అదే దీపం’ అంటాం. పోలిక వల్ల కలిగే భ్రమ అది, అన్నారు. వేదాంతులు ఇంకో దారి పట్టారు. ఆనాడు అక్కడ చూసిన దేవదత్తుడే ఈనాడు ఇక్కడున్న ఇతడు అన్నప్పుడు, ‘ఆనాడు అక్కడ’, ‘ఈనాడు ఇక్కడ’ అనే విరుద్ధ భాగాలను వదిలేసి మిగిలిన మనిషిని పట్టుకుంటాం అన్నారు. ఈ పద్ధతిని బండికి వర్తింపజేసి చూడండి. జావాలోంచి మైసూరును, రెండు స్ట్రోకులను, ఎనభైల నాటి ధరను, పైకి తిప్పితే కిక్కుగా మారే గేరు లివరును తీసేస్తే మిగిలేది ట్యాంకు ఒంపూ బ్యాడ్జీ. పోలిక తప్ప ఇంకేమీ మిగలలేదు, బౌద్ధుడు గెలిచాడు. బుల్లెట్‌లోంచి కూడా అన్నీ తీసేయవచ్చు గానీ ఒకటి మాత్రం తీయలేం. తయారీ ఏనాడూ తెగలేదు, నిన్నటి బుల్లెట్ విప్పిన మెకానిక్కే ఇవాళ్టిదీ విప్పాడు. అక్కడ నైయాయికుడికి కాస్త ఊపిరి ఉంది. విచిత్రమేమిటంటే ‘ఆత్మ పోయింది’ అన్న ఫిర్యాదు మాత్రం తెగకుండా సాగిన బుల్లెట్ మీదే గట్టిగా వినిపిస్తుంది. కాబట్టి కొనసాగిందా తెగిందా అన్న లెక్క ఒక్కటే ఈ గొడవను తేల్చదు. ఇంకేదో లోపిస్తోంది.

ఆ లోపించింది ఏమిటో తెలుసుకోవడానికి దగ్గర దారి పూరీ వెళ్లడం. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, మందస వైపు జగన్నాథుడు పరాయి దేవుడు కాడు. పలాసలో రైలెక్కి ఖుర్దా రోడ్డులో మారితే పూరీయే. అక్కడి మూర్తులు కొయ్యవి. అధిక ఆషాఢం వచ్చే సంవత్సరాల్లో, సాధారణంగా పన్నెండు నుంచి పందొమ్మిదేళ్ల మధ్య, నవకళేబరం జరుగుతుంది. ఈమధ్య కాలంలో 1977, 1996, 2015లో జరిగింది. దైతాపతులనే సేవకులు లక్షణాలు చూసి వేపచెట్లను వెతుకుతారు, ఆ కొయ్యతో కొత్త మూర్తులు చెక్కుతారు, కళ్లకు గంతలు కట్టుకుని, చేతులకు గుడ్డ చుట్టుకుని, పాత మూర్తిలోని బ్రహ్మపదార్థాన్ని కొత్త మూర్తిలోకి మారుస్తారు. ఈ ఘట్టం అందరికీ తెలుసు, అందరూ దీన్నే చెప్పుకుంటారు. నాకు ముఖ్యంగా తోచేది ఆ తర్వాత జరిగేది. పాత మూర్తులను కోయిలి వైకుంఠం అనే చోట పాతిపెడతారు. దైతాపతులు ఇంట్లో మనిషి పోయినట్టు మైల పడతారు, పదో రోజుకు క్షౌరం, స్నానం, ఆ తర్వాత భోజనాలు. దేవుడు ఎక్కడికీ పోలేదని వాళ్లకు తెలియకా? పదార్థాన్ని మార్చింది వాళ్ల చేతులే కదా. అయినా పోయినదానికి మైల పడతారు. ‘అదే దేవుడు’ అనే మాటకు అర్హత వాళ్లు ఆ పది రోజుల్లో సంపాదించుకుంటారు. పాతది పోయిందని ఒప్పుకున్నవాడి నోటనే ‘అదే’ అన్న మాట నిలబడుతుంది. ఆగమాల్లో జీర్ణోద్ధారణ కూడా ఇదే మర్యాద పాటిస్తుంది. మూలమూర్తి శక్తిని కుంభంలోకి ఆవాహన చేసి, బాలాలయంలో ఉంచి, పని అయ్యాక సంప్రోక్షణతో మళ్లీ మూర్తిలో ప్రతిష్ఠిస్తారు. 2018 ఆగస్టులో తిరుమలలో జరిగింది ఇదే. ఖాళీ అయిందని ఒప్పుకోకుండా ఎవరూ మళ్లీ నింపరు.

రెట్రో వ్యాపారం చేసేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. అక్కడ ఏదీ చచ్చిపోలేదు. చాలెంజర్ నిద్రలేచింది, జావా తిరిగొచ్చింది, బుల్లెట్ ఎప్పటిలాగే ఉంది. పాత యంత్రం ఎందుకు పోయింది, దాంతో పాటు ఏమేం పోయాయి అన్న లెక్క ప్రకటనలో ఉండదు. ఈ దాపరికం హద్దు దాటి నవ్వులపాలైన చోటు కూడా ఉంది. డాడ్జ్ కంపెనీ తన చార్జర్ డేటోనాను 2024లో విద్యుత్ కారుగా తెచ్చింది. దానికి వీ8 ఇంజను లేదు, పెట్రోలు లేదు, పొగ లేదు. వెనక గొట్టాల్లాంటి గదుల్లో స్పీకర్లు పెట్టి పాత గర్జనను కృత్రిమంగా పలికించారు. అభిమానుల్లో చాలామంది దాన్ని చూసి నవ్వారు, కొందరికి కోపమొచ్చింది. ఆ కోపాన్ని ఛాందసమని తీసిపారేయడం తేలిక. నా మటుకు అది మైల. కంపెనీ పట్టాల్సిన మైల పట్టకుండా దాటేసింది కాబట్టి, ఆ బరువు ఎవరో ఒకరు మోయాలి కాబట్టి, అభిమానులు పట్టారు. ‘ఇది అది కాదు’ అన్న వాక్యాన్ని సాంకేతిక తీర్పుగా వింటే అది తరచూ తప్పుగానే ఉంటుంది. కొత్త బండి పాతదానికన్నా బాగా ఆగుతుంది, బాగా లేస్తుంది, రోడ్డు పక్కన వదిలేసి పోవలసిన అవసరం రాదు. దాన్ని ‘అది పోయింది’ అన్న ప్రకటనగా వింటే నూటికి నూరుపాళ్లూ నిజం.

పలాస చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో ఈ తేడా తెలియనివాళ్లు లేరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస తీరంలో ఒడ్డుకు తగిలినప్పుడు వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో తరాల నాటి కొబ్బరితోటలు, జీడితోటలు ఒక్క రాత్రిలో నేలపాలయ్యాయి.   ఆ తర్వాత రైతులు ఆ నేలలోనే మళ్లీ మొక్కలు వేశారు. నాటు కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడేళ్లయినా ఆగాలి. అదే గట్టు, అదే నుయ్యి, అదే ఇసుక నేల, తోట పేరు కూడా తాత పేరు మీదే ఉండొచ్చు. అయినా ఎవరినైనా అడగండి, ‘మా తోట పోయింది, మళ్లీ వేశాం’ అంటారు. మొదటి సగం దాటేసి రెండో సగం ఎవరూ చెప్పరు. పడిన చెట్లను లెక్కపెట్టారు, రంపంతో కోయించారు, మొదళ్లు పెకలించారు, ఆ తర్వాతే గోతులు తీశారు. నౌపడ–గుణుపూర్ రైలు సంగతీ అంతే. 1900లో పర్లాకిమిడి రాజావారి లైట్ రైల్వేగా మొదలై, టెక్కలి మీదుగా నడిచిన ఆ నేరోగేజి లైను 2004లో మూతపడింది. ఏళ్ల తరబడి పట్టాల మీద రైలు లేదు. 2011లో బ్రాడ్‌గేజి మీద మళ్లీ గుణుపూర్ దాకా నడిచింది. కొత్త పెట్టెలకు పాత రంగు వేసి ఎవరినీ మభ్యపెట్టలేదు. చిన్న బండి పోయింది, పెద్ద బండి వచ్చింది, లైను మాత్రం మనదే. ఈ మూడు ముక్కలూ కలిపి చెప్పగలిగినప్పుడు ‘అదే లైను’ అనడంలో అబద్ధం లేదు.

ఇక్కడ భక్తులు అభ్యంతరం చెప్పవచ్చు. జగన్నాథుడి నవకళేబరమెక్కడ, కిక్కు కొట్టే బండెక్కడ? ఇనుప ముక్కకు మైల ఏమిటి, అపచారం కాదా? నేను బండిని దేవుడి పక్కన కూర్చోబెట్టడం లేదు. మనుషులు తమకు ముఖ్యమైనదాన్ని కొత్తగా తెచ్చుకునేటప్పుడు ఏ మర్యాద పాటించారో, ఆ మర్యాద ఎక్కడ అత్యంత స్పష్టంగా కనిపిస్తుందో అక్కడ చూస్తున్నాను. పైగా యంత్రాన్ని ఈ క్రతువుల ఆవరణలోకి తెచ్చింది నేను కాదు. విజయదశమికి కాశీబుగ్గలో ఏ ఆటోస్టాండు దగ్గరకో, లారీ షెడ్డు దగ్గరకో వెళ్లండి. పసుపు, కుంకుమ, బంతిపూల దండ, చక్రం కింద నిమ్మకాయ. కొత్త బండి తీస్తే ముందు గుడికే. ఆయుధపూజలో బండికి చోటిచ్చినవాళ్లకు ఆ బండి పోయినప్పుడు మాత్రం ఏ మాటా లేకపోవడమే వింత. పాత ఇనుము కొట్టుకు కిలోల లెక్కన అప్పజెప్పి వస్తాం. బహుశా ఆ ఖాళీలోకే రెట్రో వ్యాపారం దూరింది.

బౌద్ధుడి అభ్యంతరం ఇంతకన్నా పదునైనది. ఏదీ రెండు క్షణాలు నిలవనప్పుడు పోయిందేది, వచ్చిందేది? భిక్షువు నాగసేనుడు మిళిందరాజును అడిగినట్టు, రథమంటే ఇరుసా, చక్రమా, నొగలా? ఏదీ కాకపోతే రథమన్నది వాడుక పేరు. రాత్రంతా వెలిగిన దీపంలో మొదటి జాము జ్వాల, చివరి జాము జ్వాల ఒకటీ కావు, వేరూ కావు. మరి బుల్లెట్ పేరు మీద శోకమెందుకు, అంటే శోకం కూడా భ్రమేనా? దీనికి జవాబు మన జిల్లాలోనే వంశధార ఒడ్డున ఉంది. శాలిహుండం కొండ మీది బౌద్ధ శిథిలాలను 1919లో గిడుగు రామమూర్తి పంతులు వెలుగులోకి తెచ్చారు (భాష కోసం పోరాడిన ఆ పెద్దాయనకు రాళ్లను చదివే కన్ను కూడా ఉండేదని మనం తరచూ మరిచిపోతాం). అక్కడ స్తూపాలున్నాయి, ధాతువులు దాచిన కరండాలు దొరికాయి. ఏదీ నిలవదని అందరికన్నా గట్టిగా చెప్పినవాళ్లే, పోయినదాని కోసం ఇటుకలు పేర్చి, దాని చుట్టూ ప్రదక్షిణం చేశారు. అందులో వైరుధ్యం లేదు. స్తూపం ‘ఇక్కడ బుద్ధుడున్నాడు’ అని చెప్పదు, ‘ఉండి, వెళ్లిపోయాడు’ అని చెబుతుంది. అనిత్యమని నమ్మినవాడికే పోయిందని ఒప్పుకోవడం అత్యవసరం. కాబట్టి క్షణికవాదం రెట్రో బండికి వకాల్తా పుచ్చుకోలేదు. అందరికన్నా ముందు దాన్ని బోనెక్కించేది అదే.

కళాప్రియుడి అభ్యంతరానికి నేను ఇంత తేలిగ్గా జవాబు చెప్పలేను. నాట్యంలో నటుణ్ణి చూసి రాముడనుకోవడం ఎలాంటి జ్ఞానమని అడిగితే ఆలంకారికుడు శంకుకుడు చిత్రతురగ న్యాయం చెప్పాడు. గోడ మీద గుర్రం బొమ్మ చూసి ‘గుర్రం’ అంటాం. అది నిజమైన గుర్రమని నమ్మం, అబద్ధమనీ కొట్టెయ్యం, సందేహపడం, గుర్రంలా ఉందని పోల్చుకుంటూనూ కూర్చోం. ఈ నాలుగూ కాని ఒక అనుభవంలో ఆనందిస్తాం. మస్టాంగ్ బొమ్మ కూడా పరుగెత్తే గుర్రమే కావడం శంకుకుడికి అచ్చొచ్చిన సంగతి! మరి పాత వాలకం ఉన్న కొత్త కారును చూసి ఒకడు ఆనందిస్తే అది అదేనా కాదా అని నిలదీయడం రసభంగం కదా? నిజమే, చూసేవాడి విషయంలో. రోడ్డు మీద వెళుతున్న క్లాసిక్‌ను చూసి, టీ కొట్టు దగ్గర ఆగిన జావాను చూసి మురిసిపోయేవాడికి నా వాదనతో పని లేదు, అతని ఆనందం కడిగిన ముత్యం. కానీ గోడ మీది గుర్రాన్ని ఎవరూ వాయిదాల మీద కొనుక్కుని, చెన్నై–కోల్‌కతా హైవే ఎక్కించి, పెళ్లికి ఊరేగి, రెండో ఏడు సర్వీసింగుకు తీసుకెళ్లరు. నాటకం ముగిశాక నటుడు రంగు కడుక్కుంటాడు, అందుకే ఆ భ్రమ ఎవరికీ అపకారం చేయదు. ఈ బండి రంగు కడుక్కోదు. ప్రేక్షకుణ్ణి కొనుగోలుదారుగా మార్చిన క్షణం నుంచి శంకుకుడు చెప్పిన మినహాయింపు వర్తించదు.

ఇంకో చిక్కు ప్రశ్న ఉంది. ఈ బండ్లకు ఎగబడేవాళ్లలో ఎక్కువమంది పాతదాన్ని నడపనివాళ్లే. మైసూరు ఫ్యాక్టరీ మూతపడ్డాక పుట్టిన కుర్రాడికి జావా మీద బెంగేమిటి? చూడనిదాని జ్ఞాపకం ఎక్కడిది? శాకుంతలం అయిదో అంకంలో దుష్యంతుడు అంతఃపురంలోంచి వచ్చే పాట విని, ఇష్టులెవరూ దూరం కాకపోయినా మనసెందుకు కలవరపడుతోందని అనుకుంటాడు. పాత జన్మల స్నేహాలేవో తెలియకుండా గుర్తొస్తాయి కాబోలని సరిపెట్టుకుంటాడు. చూస్తున్న మనకు తెలుసు, అది పూర్వజన్మ కాదు. ఈ జన్మలోనే పెళ్లాడి మరిచిపోయిన శకుంతల. మన కుర్రాడి బెంగా అలాంటిదే. అతను పోగొట్టుకున్నది తాత కాలాన్ని కాదు, తన కాలంలోనే తన చేతిలోంచి జారిపోతున్నదాన్ని. పాత బుల్లెట్‌ను లేపడం ఎలాగో చూస్తే అది తెలుస్తుంది. తాళం తిప్పి, అమ్మీటరు ముల్లు చూస్తూ కిక్కును మెల్లగా నొక్కాలి. ముల్లు మధ్యకొచ్చిన చోట పిస్టన్ పైకొచ్చి బిగిసినట్టు. ఎడమ హ్యాండిల్ దగ్గరి డీకంప్రెసర్ లివరు లాగి, కిక్కును ఓ పిసరు దాటించి, లివరు వదిలి, అప్పుడు ఒంటి బరువంతా మోపి ఒక్క తన్ను. లెక్క తప్పితే కిక్కు ఎగిరొచ్చి పిక్క మీద కొడుతుంది. లోపల ఏం జరుగుతోందో ఊహించగలిగినవాడికే బండి లేస్తుంది. పానా, స్క్రూడ్రైవరు, స్పార్క్‌ప్లగ్గు రుద్దడానికి కాస్త గరుకు కాగితం ఉంటే రోడ్డు పక్కన సగం రోగాలు కుదిరేవి. ఇవాళ్టి బండిలో రోగం కంప్యూటరు పెట్టె చెబుతుంది, స్కానరు ఉన్నవాడు వింటాడు. ఉద్దానం ఊళ్ల నుంచి ఫిట్టర్లుగా, వెల్డర్లుగా ఓడల యార్డులకూ గల్ఫుకూ వెళ్లేవాళ్లు ఇళ్లిళ్లా ఉన్నారు. ఇనుముతో మాట్లాడటం బతుకుతెరువైన ప్రాంతం ఇది. అలాంటి చోట యంత్రం మీద చేతికున్న పెత్తనం పోవడం చిన్న సంగతి కాదు. పోయింది అదీ. రెట్రో తిరిగి ఇచ్చింది మాత్రం ఒంపును.

అందుకే ధర గురించి నా అభిప్రాయం మూడో జట్టు అభిప్రాయం కాదు. కిడ్నీ జబ్బులతో ఊళ్లకు ఊళ్లు కుంగిపోయిన నేల మీద, మంచినీటి పథకం, పలాస ఆసుపత్రి కోసం 2023 డిసెంబరు దాకా కళ్లు కాయలు కాసేలా చూసిన నేల మీద, రెండు లక్షల పైచిలుకు పెట్టి షోకు బండి కొనడం తప్పు కాదా అని అడిగేవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ లెక్కన పెళ్లి పందిళ్లు, అమ్మవారి సంబరాలు, రథయాత్రలూ తప్పే అవుతాయి. బీదరికం ఉన్నచోట ఇష్టాలు ఉండకూడదనడం బీదవాడికి ఇంకో శిక్ష వేయడమే. నా అభ్యంతరం ఖర్చు మీద కాదు, ఆ డబ్బు దేనికి చెల్లుతోందన్న దాని మీద. సైన్యంలో, పోలీసుల్లో, పాలక్యాన్ల కింద అరిగిపోయిన పనిముట్టు ఒకప్పటి బుల్లెట్. కొత్త జావా విడుదలైన రోజు ఢిల్లీ షోరూములో 1 లక్షా 64 వేలు. ఇంజనుకు, బ్రేకులకు, 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరైన ఏబీఎస్‌కు ఇచ్చే సొమ్ముకు వంక పెట్టలేం. దానిపైన ఒక వాటా ఉంది, ఏదీ పోలేదన్న ఊరట కోసం ఇచ్చేది. మైల పట్టకుండా తప్పించుకోవడానికి కట్టే సుంకం అది. మస్టాంగ్ దాకా వెళితే ఆ సుంకమే లక్షల్లో ఉంటుంది.

పెదవి విరిచే జట్టును మొత్తంగా వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు. మైలకు గడువుంది. పూరీలో పదో రోజున క్షౌరమైపోతుంది, ఆ తర్వాత కొత్త మూర్తికి రథోత్సవం. పాతదాన్ని తలచుకుని రథం తాడు పట్టనంటే ఒప్పుకోరు. కుడిగేరు బండి తప్ప ఇంకేదీ బుల్లెట్టే కాదని పాతికేళ్లుగా పాడిందే పాడుతున్నవాడు, కొత్త బండి కొన్న కుర్రాణ్ణి పదిమందిలో చిన్నబుచ్చేవాడు, గడువు దాటాక కూడా మైల వదలనివాడు. అతని దుఃఖం నిజమే కావచ్చు గానీ అది ఇప్పుడు పెత్తనంగా మారింది. దీనికి భిన్నమైన దారి పట్టినవాళ్లూ ఉన్నారు. మైసూరు ఫ్యాక్టరీ మూతపడి కొత్త జావా వచ్చేలోగా గడిచిన ఇరవై రెండేళ్లూ పాత జావాలను, యెజ్దీలను బతికించింది ఏ కంపెనీయో కాదు. విడిభాగాలు వెతికి, దొరకనివి లేతు మీద తిప్పించి, ఏటా జూలైలో జావా దినమని పేరుపెట్టి ఊళ్లూరా పోగై తిరిగినవాళ్లు. వాళ్లకు అది పోయిందని తెలుసు, పోయినదాన్ని ఎలా మోయాలో కూడా తెలుసు. పాత జావాకూ కొత్త జావాకూ మధ్య ఏదైనా నిజమైన అనుబంధం ఉందంటే అది ట్రేడ్‌మార్కులో లేదు, నూనె మరకలతో ఉన్న ఆ చేతుల్లో ఉంది. అలాంటి చేతులు కొత్త బండిని విప్పి, తిట్టి, బాగుచేసి, అలవాటు చేసుకున్న చోట పదేళ్లకో పదిహేనేళ్లకో ‘ఇదీ మనదే’ అన్న మాట పుడుతుంది. షోరూములో మొదటి రోజే ఆ మాట కొనుక్కోవడం కుదరదు.

పోయినదాన్ని పోయిందని ఒప్పుకుంటారా లేదా అన్న ఈ పరీక్ష ఇప్పుడు ఇంకా కష్టమైన చోటికి వచ్చింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2024 నవంబరులో మిలాన్‌లో ఫ్లయింగ్ ఫ్లీ పేరుతో విద్యుత్ బండిని చూపించింది. ఆ పేరు రెండో ప్రపంచయుద్ధంలో పారాచూట్లతో కిందికి దించిన 125 సీసీ చిన్న మోటారుసైకిలుది. ముందు ఫోర్కు పాతకాలపు గర్డర్ తరహాలో ఉంది, రూపమంతా నలభైల నాటిది, లోపల పిస్టనే లేదు. శబ్దమే ప్రాణంగా బతికిన కంపెనీ శబ్దం చేయని బండి తెస్తోంది. దీనికి స్పీకరు బిగించి ఆ డుగుడుగు పలికిస్తే ‘ఇది అది కాదు’ అనేవాళ్ల పక్కనే నేనూ నిలబడతాను. స్పీకరు లేకుండా, చప్పుడు చేయకుండానే రోడ్డెక్కితే మాత్రం కంపెనీ తన చరిత్రలో మొదటిసారి ఒక చావును పైకి ఒప్పుకున్నట్టు. అప్పుడు అభిమానులు దాన్ని ఏమని పిలుస్తారో వినాలని ఉంది.